సర్పి మానినా... సెగనా, సెలనా?

పెన్నగట్టు: మాయమ్మకు కుడి పక్కటెముకల మీద సర్పి లేసి నాలుగు నెలలాయ. పొక్కులు ఎండినాయి గానీ మంట పోలే. రైక తగిలినా ఉలిక్కిపడతాది. రాత్రి మా జేజి మాట గుర్తొచ్చింది: "సర్పి మానినా సె... మానదు". ఆ రెండో అక్షరం అందడంలే. జమ్మలమడుగు పక్క ఎవరైనా విన్నారా?

ఆదోనిబాట: సెల. పుండు లోపల దారి చేసుకుంటే సెల పడిందంటాం. మానేది పుండే గదా. సెగ ఆరుతాది, మానదు.

కడపవైద్యుడు: మాటకు అతికినా రోగానికి అతకదన్నా. సెలలో చీముండాల. ఇక్కడ తోలు మానిపోయింది, చెడింది నరం. ఎప్పుడో వచ్చిన ఆటలమ్మ వైరసే వెన్నుపాము పక్కన నరాల ముడుల్లో ఏండ్లకేండ్లు దాక్కొని, ఒంట్లో సత్తువ తగ్గినాక నరం వెంబడి పైకొస్తాది. మూడు నెలలు దాటినా పోని మంట ఆ దెబ్బతిన్న నరానిది. నిప్పు లేని సెగ. నేను సెగ పక్షమే.

మడకశిర: మాకు కన్నడం కలిసి 'సర్పసుత్తు'. పాము తలా తోకా కలిస్తే మనిషి దక్కడంటారు.

గుత్తికోట: సర్పికి పాముతో పనిలేదు. విసర్పం, సృప్ ధాతువు, పాకేదని అర్థం. పాముకూ ఆ పేరు అట్లొచ్చిందే. డాక్టర్లు దీన్నే 'హెర్పీస్ జోస్టర్' అంటారు. ఆ గ్రీకు 'హెర్పీస్' కూడా సృప్‌కు జ్ఞాతే, ఒకే మూలం మాట. జోస్టర్ అంటే నడికట్టు. మా ఊర్లో 'సప్పి' అంటారు, ప్రాకృతంలో సర్పం సప్పమే గదా.

ఆదోనిబాట: రేఫ జారితే ప్రాకృతం దాకా పోవల్నా? కర్పూరాన్ని కప్పురం అనమా?

గుత్తికోట: ఆ కప్పురమూ ప్రాకృతం నుంచి వచ్చిందే.

కడపవైద్యుడు: తలా తోకా సంగతి. సర్పి ఒక నరం మేర, ఒంటికి ఒకపక్కనే వస్తాది. నడిగీత దాటేది అరుదు. భయపడాల్సింది ముక్కుకొన మీద పొక్కులకు, కంటికి ముప్పు. చెవిలో లేస్తే మూతి వంకర పోవచ్చు, 1907లో రామ్సే హంట్ అనే డాక్టరు వివరించింది ఇదే. అరుదుగా మెదడు రక్తనాళాలు వాచి పక్షవాతమూ వస్తాది. ఎర్రమన్ను పూసుకుంటా కూర్చోకుండా పొక్కులు లేసిన 72 గంటల్లో మందు మొదలుపెట్టాల.

పెన్నగట్టు: అమ్మ రాత్రిళ్లు మొసలి నోట చిక్కిన గజేంద్రుని మాదిరి "ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను" అనుకుంటా పొర్లుతాది సార్.

గుత్తికోట: ఆ ఠావు చూడండి! 'తావు' అనుంటే ద్రుతం, అంటే ముందరి 'న్' మీద పరుషం 'త' సరళం 'ద' అయ్యి 'దావుల్' అయ్యేది. ఠ స్థిరం, చెక్కుచెదరలే. ప్రాణం చోటు తప్పిందని చెప్పే అక్షరం తాను చోటు తప్పలే!

ఆదోనిబాట: ప్రాస, అంటే పాదంలో రెండో అక్షరం, వకారం. ముందర దీర్ఘముంటే ఏ హల్లైనా చెల్లుతాది. పోతన ఠ పెట్టింది చెవి కోసం. ఏనుగు కాలు పట్టు తప్పిన చప్పుడది. ఒంటిమిట్టలో పుట్టిన చప్పుడు.

గుత్తికోట: పోతనది ఒంటిమిట్టనా ఓరుగల్లా అనేది ఈడ తేలేది కాదన్నా.

మడకశిర: ఇంతకీ సెగనా, సెలనా?

పెన్నగట్టు: పెద్దమ్మకు ఫోన్ చేసినా. 'మానదు' కాదంట, 'ఆరదు' అంట. 'సె' తర్వాత ఏమనిందో సరిగ్గా వినబడలే.

కడపవైద్యుడు: ఆరదంటే సెగే!

ఆదోనిబాట: సెల కూడా ఆరుతాది సార్. ఈసారి అడిగేటప్పుడు రికార్డు చెయ్యి తమ్ముడూ.