కత్తి బెవెల్ మోడల్ చేసేటప్పుడు కోణం మార్చొద్దా, వెన్ను మందం మార్చొద్దా?

నల్లగొండ_క్యాడ్:
అందరికీ నమస్తే. కూరగాయలకు, మాంసానికి రెంటికీ పనికొచ్చే వంటింటి కత్తి ఫ్యూజన్‌ల (కంప్యూటర్‌ల 3డీ మోడల్ గీసే సాఫ్ట్‌వేర్) గీస్తున్న. బ్లేడ్ పొడవు 150 మి.మీ., పిడి దగ్గర వెడల్పు 25, పట్టీ మందం 3. మొన దగ్గర అంచు 18 మి.మీ. వ్యాసార్థంతో పైకి తిరుగుతది, ఆ వంపు మొదలయ్యే చోట వెడల్పు 15. బెవెల్ (ధార వైపు సన్నబడే వాలు ముఖం) అంచు నుంచి వెన్ను దాకా పోవాలె, అంచుల 0.4 మి.మీ. మిగలాలె. ప్రొఫైల్ (కోత అడ్డంగ ఉండే ఆకారం) గీసి, దాన్ని అంచు వెంబడి నడిపి కోసే స్వీప్ కట్ ఇస్తే తిన్నగున్న భాగం మంచిగనే వస్తది, వంపు కాడ ఎర్రర్ కొట్టి ఆగిపోతది. రెండు గీతల మధ్య ముఖం పరిచే లోఫ్ట్ చేస్తే వస్తది గానీ మొన దగ్గర ముఖం మెలిపడ్డట్టు ఉంటది. రెండిట్ల ఏది కరెక్టు? ఫైల్ సీఎన్‌సీకి (కంప్యూటర్ నడిపే కోత మిషన్) పోవాలె, ఆఖరి ఫినిషింగ్ బెల్ట్ గ్రైండర్ మీద.

పాలమూరు_గ్రైండర్:
తమ్మీ, స్వీప్ పద్ధతే కరెక్టు. ఎర్రర్ ఎందుకొస్తుందో తెలిస్తే లోఫ్ట్ జోలికి పోయే పనే ఉండదు.

నీ ప్రొఫైల్ ఎత్తు 25, వంపు వ్యాసార్థం 18. ప్రొఫైల్ అంచు నుంచి వెన్ను వైపు, అంటే వంపు కేంద్రం వైపు నిలబడి ఉంటది. ఎత్తు వ్యాసార్థాన్ని దాటితే పక్కపక్క ప్రొఫైళ్లు ఆ కేంద్రం దగ్గర ఒకదాన్నొకటి కోసుకుంటయి. ఇక్కడ చూడాల్సింది ఏందంటే, అవి కోసుకునేది ఉక్కులో కాదు. అక్కడ బ్లేడ్ వెడల్పు 15 మాత్రమే కాబట్టి, వెన్ను దాటినంక ఖాళీ జాగాల కోసుకుంటున్నయి. మనకు అక్కర్లేని చోట తప్పు జరిగినా సాఫ్ట్‌వేర్ మొత్తం ఫీచర్‌నే వద్దంటది.

అందుకని అంచు గీతను వంపు మొదలయ్యే బిందువు దగ్గర రెండు ముక్కలు చెయ్యి. తిన్నగున్న ముక్కకు 25 దాటించి 27 ఎత్తు ప్రొఫైల్ పెట్టు. సరిగ్గా 25 కాడ ఆపితే కట్ ముఖం వెన్ను అంచు మీదనే పడి సన్నని చీలిక ముఖాలు పుడతయి. వంపు ముక్కకు 16 ఎత్తు చాలు, అది 18 కంటే తక్కువ కాబట్టి కోసుకోదు. రెండిటికీ వాలు ఒక్కటే, వంపు తిన్నటి గీతకు స్పర్శగా కలుస్తది గనుక అతుకు కనపడదు. మొన దాటి గీతను ఇంకో 5 మి.మీ. పొడిగించు. ప్రొఫైల్‌ను అంచు కింద కూడా ఒక మి.మీ. బయటికి దించు. ఒక పక్క కట్ అయినంక మధ్య తలం మీద మిర్రర్ కొట్టు, అదే కోత రెండో పక్క కూడా వస్తది.

మూసీ_డిజైన్:
అన్నా, స్వీప్ ఎందుకు విరుగుతుందో మీరు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. కానీ అంచు పొడవునా ఒకే కోణం ఉంచాలనే మాటకు నేను ఒప్పుకోను. లెక్క చూద్దాం.

మందం 3, అంచు 0.4. ఒక్కో పక్క తగ్గాల్సింది 1.3 మి.మీ. ఎత్తు 25 అయితే కోణం పక్కకు 2.98 డిగ్రీలు. ఇదే కోణం మొన దాకా ఉంచితే, అంచుకు లంబంగా వెడల్పు 10 ఉన్న చోట ఒక్కో పక్క లేచేది 0.52 మాత్రమే. అంటే అక్కడ వెన్ను మందం 1.44 మి.మీ. టమాటాకు, ఉల్లిగడ్డకు అది బాగుంటుంది. మటన్ దుకాణంలో అదే కత్తి మొనను కీలులోకి దూర్చి తిప్పుతారు. 1.44 మందం ఆ మెలితిప్పుడుకు వంగుతుంది, ఉక్కు గట్టిగా ఉంటే మొన ఎగిరిపోతుంది. వెన్నును మొన దాకా 3 మి.మీ. ఉంచి, అంచు గీతకూ వెన్ను గీతకూ మధ్య లోఫ్ట్ వేస్తే మొన బలంగా ఉంటుంది.

పాలమూరు_గ్రైండర్:
3 అట్లనే ఉంచితే అదే చోట కోణం ఎంతయితదో చూడు. 1.3 బై 10, పక్కకు 7.4 డిగ్రీలు. పిడి కాడ 2.98, మొన కాడ 7.4. మొన మేకులా దిగుతది, కొయ్యదు. అదొక్కటే కాదు, లోఫ్ట్ ముఖం బెల్ట్ మీదికి రాదు. గ్రైండర్ ప్లాటెన్ (బెల్ట్ వెనక ఉండే పలక) చదునుగా ఉంటది. చదును పలకకు కత్తిని ఒకే కోణంల ఆనించి అంచు వెంబడి తిప్పితే ఏ ముఖం వస్తదో, నీ స్వీప్ ముఖం అచ్చం అదే. లోఫ్ట్ రెండు గీతల మీద ఒకే పారామీటర్ (గీతల బిందువు ఎక్కడుందో చెప్పే అంకె) ఉన్న బిందువులను కలుపుకుంటూ పోతది. ఒకటి స్ప్లైన్ (వంపు మారుతూ పోయే గీత), ఇంకోటి ఆర్క్ (వృత్తం ముక్క) అయితే ఆ కలిపే గీతలు ఏటవాలుగా పడతయి, ముఖం మెలికపడతది. తమ్ముడు చూసిన మెలిక అదే. చదును పలక మెలిక ముఖానికి పూర్తిగా ఆనదు, ఒక మూల తగిలి ఇంకో మూల తేలుతది.

నమ్మకపోతే పట్టీ మందం దిక్కును పుల్ డైరెక్షన్‌గా (కోణం కొలిచే దిక్కు) ఇచ్చి, ముఖం వాలును రంగులల్ల చూపే డ్రాఫ్ట్ అనాలిసిస్ పెట్టు. ఒకే కోణం ఉన్న ముఖం పిడి నుంచి మొన దాకా ఒకే రంగుల కనిపిస్తది. లోఫ్ట్ ముఖం మొన వైపు రంగు మారుకుంట పోతది.

నల్లగొండ_క్యాడ్:
గీత రెండు ముక్కలు చేస్తే స్వీప్ ఎక్కింది అన్నా, డ్రాఫ్ట్‌ల ఒకే రంగు. ఒక్క డౌట్: కొడవలి ఫైల్‌ల ఇంతకన్నా బిగువు వంపు ఉన్నా స్వీప్ ఎన్నడూ విరగలేదు. ఎందుకు?

పాలమూరు_గ్రైండర్:
కొడవలి ధార లోపలి వైపు. వంపు కేంద్రం పైరు దిక్కున, ఉక్కు దానికి ఎదురు దిక్కున. ప్రొఫైల్ కేంద్రం నుంచి దూరంగా పోతది గనుక విసనకర్ర ఈనెల్లెక్క విచ్చుకుంటది, కోసుకోదు. కత్తి ధార బయటి వంపు మీద ఉంటది, అందుకే దానికే ఈ బాధ.

జడ్చర్ల_సీఎన్‌సీ:
మీ ఇద్దరి వాదనలో ఒక సంగతి మిగిలిపోయింది. 0.4 అంచుతో ఉన్న మోడల్‌ను మిషన్‌కు ఇవ్వకూడదు. రెండు కారణాలు. అంచు 0.4కు వచ్చేసరికి కట్టర్ ఒత్తిడికి అది అటూ ఇటూ ఊగుతుంది, ముఖం మీద చాటర్ (కంపనం) గీతలు పడతాయి. ఇక అంత పల్చటి అంచును కాల్చి నూనెలో ముంచితే అలలుగా వంకర పోతుంది. హీట్ ట్రీట్‌మెంట్‌కు ముందు 0.8 ఉంచండి.

అంచు మందాన్ని పారామీటర్‌గా (తర్వాత మార్చుకోగల అంకెగా) పెట్టండి, కోణాన్ని మాత్రం మార్చకండి. కోణం 2.98 అలాగే ఉంచి అంచు 0.8 చేస్తే బెవెల్ 21.15 మి.మీ. దగ్గర ఆగుతుంది, పైన సుమారు 4 మి.మీ. చదునుగా మిగులుతుంది. గట్టిపడ్డాక బెల్ట్ మీద పక్కకు 0.2 తీస్తే బెవెల్ పై గీత దానంతట అదే 25కు ఎక్కుతుంది. చాలామంది ఇక్కడ ఎత్తు 25 వదలకుండా అంచు 0.8 చేస్తారు, కోణం 2.52 అవుతుంది. అప్పుడు ఫినిషింగ్‌లో కొత్త కోణం పట్టాలి, ముఖం మొత్తం మళ్లీ తీయాలి.

6 మి.మీ. బాల్ నోస్‌తో (కొన గుండ్రంగా ఉండే కట్టర్) 0.5 స్టెప్‌ఓవర్ (ఒక కోత గీతకూ పక్క గీతకూ దూరం) ఇస్తే గీతల మధ్య మిగిలే గట్టు 0.01 మి.మీ., బెల్ట్ సులువుగా తీసేస్తుంది. పిడి దగ్గర బెవెల్ మొదలయ్యే ప్లంజ్ లైన్‌కు కనీసం 3 మి.మీ. ఫిల్లెట్ (మూలకు గుండ్రటి వంపు) ఇవ్వండి. ఆ కట్టర్ లోపలి మూలను అంతకంటే పదునుగా తీయలేదు. తీయగలిగినా అక్కడ పదును మూల ఉంటే నూనెలో ముంచినప్పుడు పగులు అక్కడి నుంచే మొదలవుతుంది.

చివరి పదును మోడల్‌లో వేయకండి. 0.4 అంచును పక్కకు 15 డిగ్రీలతో సాన పడితే ఆ చిన్న బెవెల్ ఎత్తు 0.75 మి.మీ. కూడా ఉండదు. దాన్ని ఫైల్‌లో పెడితే మొన దగ్గర ముఖాలన్నీ ఒక్క బిందువులోకి కుంచించుకుపోయి స్టెప్ ఫైల్ (వేరే సాఫ్ట్‌వేర్‌కు పంపే 3డీ ఫైల్ రకం) తెరిచినప్పుడు విరుగుతుంది. డ్రాయింగ్ మీద కోణం రాసిస్తే చాలు.

మూసీ_డిజైన్:
0.8 సంగతి సరే. చదును ప్లాటెన్ మీదికి లోఫ్ట్ ముఖం ఆనదన్నదీ ఒప్పుకుంటున్నా, 3 మి.మీ. మొన దాకా ఉంచడం ఎక్కువే. మటన్ కత్తి విషయంలో మాత్రం మాట మార్చుకోను. అంచుకు లంబంగా 10 మి.మీ. ఉన్న చోట వెన్ను 2 మి.మీ. కంటే తగ్గొద్దు. అక్కడ కోణం 4.57 వస్తుంది, 7.4 కాదు. అది లోఫ్ట్‌తోనే రావాలి, అయితే రెండు గీతలనూ ఒకే చోట్ల ముక్కలు చేసి, ప్రతి ముక్క చివర అంచుకు లంబంగా రైల్ (లోఫ్ట్‌కు దారి చూపే గీత) గీయాలి. అప్పుడు కలిపే గీతలు ఏటవాలుగా పోవు, మెలిక బాగా తగ్గుతుంది. మిగిలిన కాస్త మెలికను చదును ప్లాటెన్ మీద కాకుండా, వెనక పలక లేని వదులు బెల్ట్ మీద తీయాలి.

పాలమూరు_గ్రైండర్:
వదులు బెల్ట్ మీద ముఖం చదునుగా రాదు, ఉబ్బుగా వస్తది. బొక్క తగిలే కత్తికి ఆ ఉబ్బు పనికొస్తది, నిజమే. కానీ తమ్ముడు అడిగింది కూరగాయలకూ పనికొచ్చే కత్తి. దీనికి 2.98 వదలొద్దు. మటన్ కత్తికి వేరే ఫైల్ చెయ్యి, పట్టీ 4 మి.మీ. తీసుకో.