హింస సీన్ మీద హుషారు పాట పెడితే ప్రోమోలా తయారవుతోంది, ఏం మార్చాలి?

కత్తెర24:
షార్ట్ ఫిల్మ్‌లో రెండు నిమిషాల సీన్. గోడౌన్‌లో ఒకణ్ని కుర్చీకి కట్టేసి ఇంకొకడు కొడుతుంటాడు. వెనక హుషారైన పాత పాట. పాట తీసేస్తే భయంగానే ఉంది, పెట్టగానే ప్రోమో అయిపోతోంది. కట్లన్నీ బీట్ మీదే ఉన్నాయి, పాట ఫుల్ వాల్యూమ్‌లో ఉంది. ఇంకో రోజు షూట్ మిగిలి ఉంది, కొత్త షాట్లు తీసుకోవచ్చు.

రీల్‌డబ్బా:
ముందు ఆ పాట సీన్‌లో ఎవరిదో తేల్చండి. ఎవరిదీ కాకపోతే అది ఎడిటర్ పాట, అందుకే ప్రోమోలా ఉంటుంది.

‘రిజర్వాయర్ డాగ్స్’ (1992)లో దొంగ ఒకడు కట్టేసిన పోలీసు చెవి కోసే సీన్ చూడండి. స్టీలర్స్ వీల్ బృందం పాడిన ‘స్టక్ ఇన్ ద మిడిల్ విత్ యూ’ అక్కడ రేడియోలో వస్తుంది. ఆ స్టేషన్ ప్రస్తావన సినిమా మొదట్లోనే, దొంగలందరూ టేబుల్ చుట్టూ కూర్చున్నప్పుడే వచ్చేస్తుంది. కాబట్టి ఇక్కడ పాట తెచ్చి అతికించినట్టు అనిపించదు. రేడియో పెట్టేది ఆ కోసేవాడే, మైకేల్ మ్యాడ్సన్ పాత్ర. రేజర్ పట్టుకుని రెండడుగులు డాన్స్ చేస్తాడు. కోసే క్షణంలో కెమెరా గోడ వైపు తిరిగిపోతుంది, పాట మాత్రం ఆగదు. మనకి కనబడేది గోడ, వినబడేది హుషారు పాట, దాని కింద అరుపు. మిగతాది మన బుర్రే చూపిస్తుంది.

అసలు దెబ్బ ఆ తర్వాత ఉంది. పెట్రోల్ కోసం అతను బయట కారు దగ్గరికి వెళ్తాడు. పాట వినబడదు, మామూలు పగటి వీధి. తిరిగి లోపలికి రాగానే పాట మళ్లీ అందుకుంటుంది. లోపల కట్టేసి ఉన్నవాడికి అది ఒక్క క్షణం కూడా ఆగలేదన్నమాట. మీ గోడౌన్‌కి తలుపు ఉంటే మిగిలిన రోజు ఈ షాటే తీయండి.

మిక్స్‌బల్ల:
టైమ్‌లైన్‌లో పాటని ముక్కలు చేయొద్దు. మొదటి నుంచి చివరిదాకా ఒకే క్లిప్, దాని మీద ఆటోమేషన్ (వాల్యూమ్, టోన్ ఎక్కడ ఎలా మారాలో టైమ్‌లైన్ మీదే గీసిపెట్టడం). మనిషి బయట 20 సెకన్లుంటే పాట కూడా సరిగ్గా 20 సెకన్లు ముందుకెళ్లి ఉండాలి.

పాట రేడియోలోంచి వస్తున్నట్టుండాలంటే మోనో (ఒకే చానెల్) చేసి, 300 హెర్ట్జ్ కింద, 4 కిలోహెర్ట్జ్ పైన కోసేయండి. ఆ గది రివర్బ్ (గోడలకి తగిలి వచ్చే ప్రతిధ్వని) కొంచెం కలపండి. తలుపు మూసుకుంటే వాల్యూమ్ తగ్గించి వదిలేయకండి, అప్పుడు చిన్న సౌండ్‌లా ఉంటుంది తప్ప గోడ అవతల ఉన్నట్టుండదు. 600 హెర్ట్జ్ పైదంతా తీసేయండి. డైలాగ్ కంటే పాట 10 డీబీ (డెసిబెల్స్) కిందినుంచి మొదలుపెట్టి చూడండి. ఊపిరి, టేప్ చింపిన శబ్దం, చెప్పు జారిన శబ్దం పాటలో మునిగిపోతే హింస పోయినట్టే.

రీల్‌డబ్బా:
కట్ల సంగతి: 120 బీపీఎం (నిమిషానికి 120 బీట్లు) పాటయితే, సెకనుకి 24 ఫ్రేముల లెక్కన ప్రతి 12 ఫ్రేములకీ ఒక బీట్. దెబ్బలన్నీ అక్కడే పడితే చూసేవాడు తరవాతి దెబ్బని ముందే లెక్కగట్టేస్తాడు. నాలుగైదు ఫ్రేములు జరపండి, కొన్ని అసలు బీట్‌కి సంబంధం లేకుండా వదిలేయండి.

తెరవెనక:
దీన్ని రూలు చేయొద్దండీ. ‘ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్’ (1971)లో మాల్కమ్ మెక్‌డొవెల్ పాత్ర ‘సింగిన్ ఇన్ ద రెయిన్’ తానే పాడుతూ, లయకి తగ్గట్టే తంతాడు. అయినా ప్రోమోలా ఉండదు, ఎందుకంటే లయ అతని నోట్లోంచే వస్తోంది. వాద్యాలు లేవు, ఊపిరి తప్పుతుంది, పదాల మధ్య దెబ్బ పడుతుంది. పాత్రే పాడితే బీట్ మీద కొట్టొచ్చు, రేడియో పాడితే వద్దు.

కత్తెర24:
అర్థమైంది. షూట్‌లో పాట ప్లే చేయాలా?

మిక్స్‌బల్ల:
డైలాగ్ ఉన్న టేకులో స్పీకర్ పెట్టొద్దు. పాట మైకులోకి దిగిపోతే ప్రతి కట్ దగ్గరా అది గెంతుతుంది, మళ్లీ డబ్బింగే గతి. నటుడి చెవిలో చిన్న ఇయర్‌పీస్ పెట్టండి. లేదా యాక్షన్ ముందు నాలుగు వరసలు వినిపించి ఆపేయండి. గది సైలెన్స్ ఒక నిమిషం విడిగా రికార్డ్ చేసుకోవడం మరవొద్దు.

తెరవెనక:
ఎడిట్ లాక్ చేసేముందు హక్కులు చూసుకోండి. సాహిత్యం, బాణీ ఒక హక్కు, ఆ రికార్డింగ్ ఇంకో హక్కు. మ్యూజిక్ కంపెనీ ఇచ్చే కాగితంలో రెండూ ఉన్నాయో లేదో చదవండి. ఇన్ని సెకన్ల లోపు వాడుకుంటే ఫ్రీ అనే మాట మన 1957 కాపీరైట్ చట్టంలో ఎక్కడా లేదు. యూట్యూబ్‌లో క్లెయిమ్ పడితే యాడ్ డబ్బులు వాళ్లకి వెళ్లొచ్చు, వీడియో బ్లాక్ కూడా కావొచ్చు. బడ్జెట్ లేకపోతే అదే టెంపోలో కొత్త పాట చేయించి, హక్కుల సంగతి చేసినవాళ్లతో లిఖితపూర్వకంగా రాయించుకోండి. ఇంకా ఒక రోజు షూట్ ఉంది కాబట్టి, పాట ఖాయమయ్యాకే ఆ తలుపు షాట్ తీయండి.