పద్యనాటకం వీడియో తీయడానికి క్యామ్‌కార్డర్‌లో ఏ సెట్టింగులు, ఏ వరుసలో మార్చుకోవాలి?

ప్రశ్న (నాటకాభిమాని, తెనాలి)

అందరికీ నమస్కారం. మా ఊరి నాటక సమాజం వారు ఏటా శ్రీరామనవమి పందిట్లో పద్యనాటకం ప్రదర్శిస్తారు. నటుల్లో కొందరు పెద్ద వయసువారు కావడం వలన, వారి పద్యాలను వీడియోగా భద్రపరచాలన్న ఉద్దేశంతో, పెళ్లిళ్ల వీడియోలు తీసే ఒకాయన దగ్గర భుజం మీద పెట్టుకునే పెద్ద క్యామ్‌కార్డర్‌ను సెకండ్‌హ్యాండులో కొన్నాము. ఎస్‌డీ కార్డుల మీద రికార్డు చేసే రకం. మాన్యువల్ పుస్తకం మాత్రం దానితో రాలేదు.

రిహార్సల్‌ను మొత్తం ఆటోలో పెట్టి తీసి చూశాము. వెనుక నల్లతెర ఉన్న రంగంలో దుర్యోధన పాత్రధారి ముఖం సున్నం కొట్టినట్లు తెల్లబోయింది. లైట్లు మారినప్పుడల్లా బొమ్మ కాసేపు పసుపుకు, కాసేపు నీలానికి తిరుగుతోంది. నటుడు మైకు ముందు నుంచి పక్కకు జరిగితే ఫోకస్ వెనుక తెర మీదికి పోయి, మళ్లీ వెతుక్కుంటూ వస్తోంది. అన్నింటికంటే బాధ కలిగించినది శబ్దం. పద్యం చివర నటుడు రాగం ఎత్తుకోగానే గొంతు అణిగిపోతోంది, రాగం ఆపగానే హార్మోనియం, జనం మాటలు ఒక్కసారిగా పైకి లేస్తున్నాయి.

తెర లేచే ముందు మాకు అరగంట వ్యవధి దొరుకుతుంది. ఆ సమయంలో ఏవేవి సరిచేసుకోవాలో తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం (వీడియోగ్రాఫర్, విజయవాడ)

అయ్యా, మీరు చెప్పిన ఇబ్బందులన్నింటికీ మూలం ఒక్కటే. ఆటోలో ఉన్న క్యామ్‌కార్డర్ ఫ్రేములోని వెలుగునంతటినీ కలిపి సగటు చూస్తుందే తప్ప, మనకు కావలసినది దుర్యోధనుడి ముఖమని దానికి తెలియదు. ఫ్రేములో ముప్పాతిక వంతు నల్లతెరే అయినప్పుడు, దృశ్యం చీకటిగా ఉందనుకుని, లెన్సులో వెలుగు వచ్చే రంధ్రమైన ఐరిస్‌ను తెరుస్తుంది, అది చాలకపోతే గెయిన్ (సెన్సార్ సంకేతం బలం) పెంచుతుంది. దానితో లైటులో ఉన్న ముఖం తెల్లబోతుంది. పెళ్లి మండపంలో వెలుగు నలుమూలలా సమానంగా పరచుకుని ఉంటుంది కనుక అక్కడ ఆటో చాలావరకు నెగ్గుకొస్తుంది. నాటకానికి మాత్రం ఒక్కొక్కదాన్నీ మన చేతిలోకి తీసుకోవలసిందే.

కెమెరా పక్కన ఆటో, మాన్యువల్ అని రాసి ఉన్న చిన్న మీటను మాన్యువల్ వైపు జరపండి. చాలా మోడళ్లలో ఆ తరువాత ఐరిస్, గెయిన్, షట్టర్, వైట్ బ్యాలెన్స్ బటన్లను విడివిడిగా నొక్కవలసి ఉంటుంది. నొక్కినప్పుడు కెమెరా తెర మీద ఆ అంకె పక్కన ఉన్న ఆటో గుర్తు పోతుంది. ఆ గుర్తు ఇంకా కనిపిస్తోందంటే ఆ ఒక్కటి ఇంకా కెమెరా చేతిలోనే ఉన్నదని అర్థం. ఈ పనికి ముందే వ్యూఫైండర్ (కన్ను ఆనించి చూసే గొట్టం) దగ్గర ఉండే చిన్న కొక్కెంలాంటి మీటను తిప్పి, అందులోని అక్షరాలు మీ కంటికి స్పష్టంగా కనిపించేలా చేసుకోండి. బొమ్మను చూసి కాదు, అక్షరాలను చూసి సరిచేయాలి. లేకపోతే ఫోకస్ సరిగానే ఉన్నా మసకగా కనిపించి, రాత్రంతా రింగు తిప్పుతూనే ఉంటారు.

మొదట ఎన్‌డీ ఫిల్టర్ చూడండి. అది ఎండలో వెలుగును తగ్గించడానికి లెన్సు వెనుక అమర్చిన ముదురు అద్దం. మీది పెళ్లిళ్లలో తిరిగిన కెమెరా కనుక, బారాత్ పగటిపూట తీసినప్పుడు పెట్టిన ఎన్‌డీ అలాగే ఉండిపోయి ఉండవచ్చు. రాత్రి పందిట్లో దాన్ని ఆఫ్‌లో ఉంచాలి.

తరువాత షట్టర్, అంటే ఒక్కో ఫ్రేముకు వెలుగును లోపలికి తీసుకునే సమయం. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. పాతకాలపు ట్యూబ్‌లైట్లు, చవక ఎల్‌ఈడీ దీపాలు సెకనుకు 100 సార్లు వెలుగు తగ్గి పెరుగుతూ ఉంటాయి. కంటికి అది తెలియదు గాని కెమెరాకు తెలుస్తుంది. షట్టర్‌ను 1/50 వద్ద పెడితే ప్రతి ఫ్రేములోకి సరిగ్గా రెండు హెచ్చుతగ్గులు పూర్తిగా వస్తాయి కనుక చారలు పడవు. దాన్ని 1/50లో పెట్టి నాటకం అయ్యేదాకా మరి ముట్టుకోవద్దు.

ఇక అసలు పని ఐరిస్, గెయిన్‌లది. గెయిన్ అంటే వెలుగు పెంచడం కాదు, సెన్సార్ నుంచి వచ్చిన సంకేతాన్ని పెంచడం. దానితో పాటు గింజగింజలుగా కనిపించే నాయిస్ కూడా పెరుగుతుంది. ప్రతి 6 డీబీ (డెసిబెల్)కి బొమ్మ ఒక స్టాప్ ప్రకాశవంతం అవుతుంది, అంటే లైటు రెట్టింపు అయినట్లు. ముందు 0 డీబీతో మొదలుపెట్టండి. ఐరిస్ పూర్తిగా తెరిచినా ముఖం చీకటిగానే ఉంటే 6కు, తప్పనిసరి అయితే 12కు వెళ్లండి. 18 దాకా పోతే నల్లతెర మీద చీమలు పాకినట్లు కనిపిస్తుంది. నేనైతే అంతకంటే లైట్‌మన్‌ను బతిమాలి ఇంకొక ముందు లైటు వేయించుకుంటాను. లెన్సును జూమ్ చేసినకొద్దీ చాలా క్యామ్‌కార్డర్లలో లోపలికి వచ్చే వెలుగు తగ్గుతుంది కనుక, మీరు ఎంత దగ్గరగా జూమ్ చేస్తారో అంత చేసి ఉంచి, అప్పుడు ఐరిస్ సరిచేయండి.

ఎంత తెరవాలన్నది కంటితో చూసి నిర్ణయించకండి, జీబ్రాను నమ్ముకోండి. మెనూలో జీబ్రా ఆన్ చేసి 100లో పెడితే, వెలుగు హద్దు మీరిన చోట తెర మీద ఏటవాలు గీతలు కదులుతూ కనిపిస్తాయి. అవి రికార్డింగులోకి రావు. నటుడిని పూర్తి ఆహార్యంతో మైకు ముందు నిలబెట్టి చూడండి. కిరీటం మీద, భుజకీర్తుల తళుకుల మీద గీతలు కనిపించినా ఫరవాలేదు, అవి మెరవవలసినవే. నుదుటి మీద, ముక్కు మీద, చెంపల మీద కనిపిస్తే మాత్రం అవి మాయమయ్యేదాకా ఐరిస్ మూయండి. రంగు పూసుకున్న ముఖం మామూలు ముఖం కంటే ఎక్కువ వెలుగును తిప్పికొడుతుంది కనుక మేకప్ వేయకముందు చూసిన సెట్టింగు పనికిరాదు.

వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనిపించేలా రంగులు సరిచేయడం) కోసం, నటుల ముందువైపు నుంచి పడే లైట్లు మాత్రమే వెలిగించి, రంగు లైట్లన్నీ ఆర్పమనండి. నటుడు నిలబడే చోట ఒక తెల్లకాగితాన్ని పట్టించి, అది ఫ్రేము నిండేలా జూమ్ చేసి, వైట్ బ్యాలెన్స్ స్విచ్‌ను ఏ లేదా బీ మెమరీలో పెట్టి సెట్ బటన్ నొక్కండి. మెరిసే గుర్తు నిలకడగా మారితే పని పూర్తయినట్లే. చేతికి అందింది కదా అని తెల్లపంచెను వాడకండి. నీలిమందు వేసి ఉతికిన పంచెలో నీలపు ఛాయ ఉంటుంది, కెమెరా దాన్నే తెలుపు అనుకుని బొమ్మనంతా పసుపుకు తిప్పుతుంది. ఒకసారి ఇలా పెట్టుకున్న తరువాత ఎర్రలైటు వేస్తే రంగం ఎర్రగానే వస్తుంది; లైట్‌మన్ కోరుకున్నదీ అదే.

ఫోకస్ సులువు. మాన్యువల్‌లో పెట్టి, నటుడి కళ్ల దాకా పూర్తిగా జూమ్ చేసి, కనురెప్పలు స్పష్టంగా కనిపించేదాకా రింగు తిప్పి, తిరిగి వెనక్కి రండి. అక్కడ సరిపోయిన ఫోకస్ వెడల్పు షాట్‌లోనూ సరిపోతుంది. ఇలాంటి క్యామ్‌కార్డర్ల సెన్సార్ చిన్నది కనుక వెడల్పు షాట్‌లో నటుడు రెండడుగులు అటూ ఇటూ కదిలినా మసకబారడు. దగ్గర షాట్‌లో మాత్రం కనిపెట్టుకుని ఉండాలి.

ఇంకొక మాట. కెమెరా స్టాండు మీద ఉన్నప్పుడు చేతి వణుకును తగ్గించే స్టెడీ సెట్టింగును ఆపేయండి, లేకపోతే కెమెరాను పక్కకు తిప్పి ఆపిన తరువాత కూడా బొమ్మ కాస్త జారినట్లు కదులుతుంది. డిజిటల్ జూమ్‌ను కూడా ఆపేయండి. జూమ్ మీటను మెల్లగా నొక్కితే నెమ్మదిగా, గట్టిగా నొక్కితే వేగంగా జరుగుతుంది. పద్యం నడుస్తుండగా ముందుకూ వెనక్కీ జూమ్ చేయడం మా పెళ్లి వీడియోల వాళ్ల అలవాటు. దాన్ని దయచేసి మీ నాటకానికి తీసుకురాకండి.

సమాధానం (సౌండ్ ఆపరేటర్, రాజమహేంద్రవరం)

పైన బొమ్మ గురించి చెప్పినదానికి నేను కలపవలసినది ఏమీ లేదు. శబ్దం గురించి మాత్రం వివరంగా రాస్తాను, ఎందుకంటే పద్యనాటకంలో బొమ్మ కాస్త చెడినా చూస్తారు గాని రాగం చెడితే ఎవరూ వినరు.

మీకు వినిపించిన ఆ అణగడం, లేవడం ఆటో లెవెల్ పని. గట్టి శబ్దం రాగానే అది తగ్గిస్తుంది, నిశ్శబ్దం రాగానే పెంచుతుంది. వార్తలు చదివేవారికి అది బాగానే ఉంటుంది. మంద్రంలో మొదలై తారస్థాయికి వెళ్లే రాగానికి అదే శత్రువు, ఎందుకంటే నటుడు శ్రమపడి చూపించిన హెచ్చుతగ్గులను అది చదును చేసేస్తుంది. కాబట్టి ఛానల్ 1, ఛానల్ 2 రెండింటినీ మాన్యువల్‌లో పెట్టండి.

మొదటి ఛానల్‌కు మైక్‌సెట్ మిక్సర్ నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల) వైరు తెచ్చుకోండి. ఆ సాకెట్ పక్కన లైన్, మైక్, మైక్ 48 వోల్టులు అనే మూడు స్థానాల స్విచ్ ఉంటుంది. మిక్సర్ నుంచి వచ్చేది లైన్ స్థాయి (మైకు కంటే చాలా బలమైన సంకేతం) అయితే దాన్ని లైన్‌లోనే ఉంచాలి. మైక్‌లో ఉంచితే శబ్దం పగిలిపోతుంది, తరువాత ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని బాగుచేయలేదు. 48 వోల్టులు కండెన్సర్ మైకులకు మాత్రమే అవసరం. మిక్సర్ వైరు పెట్టినప్పుడు దాని జోలికి పోవద్దు. రెండో ఛానల్‌ను కెమెరా మీది సొంత మైకుకు ఇవ్వండి. మిక్సర్ వైరులో మైకుల ముందున్న శబ్దమే వస్తుంది గాని ‘వన్స్‌మోర్’ అని అరిచిన జనం అందులో వినబడరు. వాళ్లు లేని పద్యనాటకం రికార్డు స్టూడియోలో పాడినట్లు చప్పగా ఉంటుంది.

లెవెల్ పెట్టేటప్పుడు నటుడిని ‘హలో, వన్, టూ’ అనమనకండి. ఆయన నాటకంలో ఎత్తుకునే అతి పెద్ద రాగాన్ని, పూర్తి గొంతుతో, మైకుకు రేపు నిలబడేంత దూరంలోనే నిలబడి పాడమనండి. ఆ రాగం శిఖరానికి చేరినప్పుడు మీటరు మైనస్ 12 డీబీ దగ్గర ఆగేలా చూసుకోండి. ప్రదర్శన రోజు ఉత్సాహంలో ఆయన రిహార్సల్ కంటే గట్టిగా పాడతారు. అందుకే ఆ ఖాళీ. మీటరు 0ను తాకిందంటే శబ్దం తెగిపోయినట్లే. హెడ్‌ఫోన్ పెట్టుకోకుండా మీటరును మాత్రమే చూసే పద్ధతి వద్దు, ఎందుకంటే గుంయ్‌మనే కరెంటు హమ్ కూడా మీటరును కదిలిస్తుంది. ఆ హమ్ వినిపిస్తే కెమెరా అడాప్టర్‌ను తీసేసి బ్యాటరీ మీద నడిపి చూడండి. కెమెరా, మిక్సర్ వేర్వేరు చోట్ల నుంచి కరెంటు తీసుకున్నప్పుడు ఇది తరచుగా వస్తుంది.

సమాధానం (ప్రవాసాంధ్రుడు, డల్లాస్)

ప్రశ్న అడిగినవారికి ఇది వర్తించకపోవచ్చు గాని, అమెరికా నుంచి పిల్లలు పంపిన క్యామ్‌కార్డర్లు వాడేవారు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు కనుక రాస్తున్నాను. ఇక్కడ కరెంటు 60 హెర్ట్జ్. ఇక్కడ అమ్మిన క్యామ్‌కార్డర్లలో చాలావాటికి సెకనుకు 60, 30, 24 ఫ్రేముల లెక్కన తీసే పద్ధతులే ఉంటాయి, 50 ఉండదు. వాటిని 1/60లో పెట్టి ఆంధ్రలోని ట్యూబ్‌లైట్ల కింద తీస్తే బొమ్మ మిణుకుమిణుకుమంటుంది. అలాంటప్పుడు షట్టర్‌ను 1/100లో పెట్టాలి. వెలుగు సగం దాకా తగ్గుతుంది గాని మిణుకు పోతుంది. అదే విధంగా ఇండియా కెమెరాను ఇక్కడి ఉగాది వేడుకలకు తెచ్చుకున్నవారు 1/60 పెట్టుకోవాలి. ఛార్జరు మీద 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ అక్కరలేదు, పిన్ను మార్చే అడాప్టర్ చాలు. ఒకే నాటకాన్ని ఒక 50 కెమెరాతో, ఒక 60 కెమెరాతో తీసి కలిపే ఆలోచన మాత్రం పెట్టుకోకండి. ఎడిటింగ్‌లో ఏదో ఒకదాని కదలిక కుదుపుగా వస్తుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం పందిట్లో ఇవన్నీ పెట్టి చూశాము. ముఖాలు, రంగులు, రాగం అన్నీ కుదిరాయి. రెండు సందేహాలు మిగిలాయి. 1/50లో పెట్టినా కొత్తగా తెచ్చిన ఎల్‌ఈడీ పార్ లైట్ల కింద మాత్రం సన్నని చారలు కనిపిస్తున్నాయి. రెండవది, నాటకం మూడు గంటలు నడుస్తుంది. 32 జీబీ కార్డు సరిపోతుందా?

సమాధానం (వీడియోగ్రాఫర్, విజయవాడ)

ఎల్‌ఈడీ పార్ లైట్ల చారలకు కరెంటుతో సంబంధం లేదు. వాటి వెలుగును తగ్గించడానికి లోపల ఉన్న సర్క్యూట్ దీపాన్ని చాలా వేగంగా ఆర్పుతూ వెలిగిస్తుంది; ఆ వేగం మన షట్టర్‌తో కలవకపోతే చారలు పడతాయి. ముఖం మీద పడే లైట్లను డిమ్ చేయకుండా పూర్తి వెలుగులో ఉంచమని లైట్‌మన్‌ను అడగండి, చాలాసార్లు దానితోనే పోతాయి. వెలుగు ఎక్కువైతే మీరు ఐరిస్ మూసుకోవచ్చు. మెనూలో క్లియర్ స్కాన్ వంటి సెట్టింగు ఉంటే షట్టర్‌ను కొద్దికొద్దిగా మార్చి చారలు లేని చోట ఆపవచ్చు. ముదురు నీలం లైటు ఒక్కటే ముఖం మీద పడే రంగం ఉంటే, కాస్త తెల్లలైటు కలపమని కూడా చెప్పండి. నీలం ఒక్కటే అయితే ముఖంలో కళ్లు, ముక్కు కలిసిపోయి ముద్దలా వస్తాయి.

కార్డు సంగతి. ఏవీసీహెచ్‌డీ (ఇలాంటి కెమెరాల వీడియో ఫార్మాట్)లో సెకనుకు 24 మెగాబిట్ల నాణ్యతతో తీస్తే గంటకు సుమారు 11 జీబీ పడుతుంది. అంటే 32 జీబీ కార్డు మూడు గంటలకు కాస్త ముందే నిండుతుంది. మీ కెమెరాకు రెండు స్లాట్లు ఉంటే రిలే రికార్డింగ్ ఆన్ చేయండి, మొదటిది నిండగానే రెండోదానిలోకి అదే వెళుతుంది. ఒకే స్లాటు ఉంటే, అది 64 జీబీ కార్డును తీసుకుంటుందో లేదో ముందే పరీక్షించి చూసుకోండి. కార్డులను కంప్యూటర్‌లో కాకుండా కెమెరాలోనే ఫార్మాట్ చేయండి. రికార్డు బటన్ నొక్కిన ప్రతిసారీ తెర మీద ఎస్‌టీబీవై (సిద్ధంగా ఉంది) పోయి ఆర్‌ఈసీ (రికార్డవుతోంది) వచ్చిందో లేదో చూసుకోవడం అలవాటు చేసుకోండి. కెమెరా ముందు వెలిగే ఎర్రదీపాన్ని మాత్రం మెనూలో ఆపేయండి, నటుల చూపు దాని మీదికి పోతుంది.

ఇంటికి వచ్చాక కాపీ చేసే పద్ధతి కూడా ముఖ్యమే. సాధారణంగా ఇలాంటి కెమెరాలు పొడవైన రికార్డింగును కార్డు మీద 2 లేదా 4 జీబీ ముక్కలుగా రాస్తాయి. లోపలి ఎంటీఎస్ (వీడియో) ఫైళ్లను మాత్రమే లాగి అతికిస్తే, ముక్క మారే చోట పద్యం క్షణంపాటు తెగినట్లు వినిపించవచ్చు. కార్డులో ఉన్న ఫోల్డర్లన్నింటినీ ఉన్నవి ఉన్నట్లుగా కాపీ చేసి, కెమెరా కంపెనీ ఇచ్చే సాఫ్ట్‌వేర్‌తో గాని, ఆ ఫోల్డర్లను చదవగల ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌తో గాని తెరిస్తే ఆ అతుకు తెలియదు. రెండు వేర్వేరు హార్డ్‌డిస్కుల్లో కాపీ పడిందని, మొదటి నుంచి చివరి దాకా ఆడుతోందని చూసుకున్న తరువాతే కార్డును మళ్లీ ఫార్మాట్ చేయండి.