మొదటి బెంచ్ పవర్ సప్లై: 5 ఆంపియర్లదా, 10 ఆంపియర్లదా?

ప్రశ్న:
పాత కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్‌లో (దానికి కరెంటు ఇచ్చే పెట్టెలో) పచ్చ తీగను నల్ల తీగకు కలిపి ఏడాదిగా నెట్టుకొస్తున్నాను. 3.3, 5, 12 వోల్టులు ఊరికే వస్తుంటే ఇంకేమి కావాలి అనుకున్నాను. మొన్న బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా భాగాలు గుచ్చే పలక) మీద స్క్రూడ్రైవర్ జారి 12 వోల్టులు గ్రౌండుకు తగిలాయి. జంపర్ తీగ తొడుగు కరిగి బోర్డుకు అతుక్కుపోయింది. వాసనకు అమ్మ వంటింటి నుంచి పరుగెత్తుకొచ్చింది. కోఠి గుజరాతీ గల్లీలో బెంచ్ పవర్ సప్లైలు, అంటే వోల్టేజీ, కరెంటు నాబ్‌లతో మార్చుకునేవి, 30 వోల్టులు 5 ఆంపియర్లది ఒకటి, 10 ఆంపియర్లది ఒకటి చూసి వచ్చాను. నేను చేసేవి ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ చిప్) బోర్డులు, చిన్న మోటార్లు, ముందు ముందు ఆప్-ఆంప్ (సిగ్నల్‌ను పెంచే చిప్) ఆడియో. ఏది కొనాలి?

సమాధానం:
10 ఆంపియర్ల మాట మరిచిపో తమ్ముడూ. నీ తీగను కాల్చింది హద్దు లేని కరెంటు. కంప్యూటర్ సప్లైకి 12 వోల్టుల మీద పది పదిహేను ఆంపియర్లు ఇవ్వడం మామూలు పని. షార్టయిన సన్న తీగ కూడా దాని కంటికి మామూలు లోడే. నువ్వు డబ్బు పెట్టేది కరెంటుకు హద్దు పెట్టే నాబ్ కోసం.

నా రిపేరు బల్ల మీదికి ఏ బోర్డు వచ్చినా ముందు దాని వోల్టేజీ పెట్టి, కరెంటు 100 మిల్లీఆంపియర్లకు కట్టేస్తాను. సీసీ దీపం (కరెంటు హద్దు తాకిందని చెప్పేది) వెలిగి వోల్టేజీ సున్నా దగ్గరికి పడిపోతే షార్టు ఉన్నట్టే. అప్పుడు కరెంటు కొద్దికొద్దిగా పెంచుతూ ఏ భాగం వేడెక్కుతోందో చూస్తాను. అయితే ఈఎస్‌పీ32కు ఈ లెక్క పనికిరాదు. వైఫై మొదలవగానే క్షణంపాటు అర ఆంపియరు దాకా లాగుతుంది. 100 దగ్గరే ఆపితే మళ్లీ మళ్లీ రీసెట్ అవుతుంది, నువ్వు ప్రోగ్రాములో తప్పు వెతుకుతూ కూర్చుంటావు.

కొట్టుకు నీ మల్టీమీటర్ తీసుకెళ్లు. 5 వోల్టులు, అర ఆంపియరు పెట్టించి, మీటరును ఆంపియర్లు కొలిచేలా పెట్టి దాని తీగలతో ఎరుపు, నలుపు టెర్మినళ్లను కలుపు. అర ఆంపియరు దగ్గరే నిలవాలి. అవుట్‌పుట్‌కు విడిగా మీట లేకపోతే వద్దని చెప్పి వచ్చేయి. వెనుక 110, 220 మార్చే స్విచ్ ఉంటే ఇంట్లో ప్లగ్గు పెట్టేముందే చూసుకో. నేను చూడలేదు, ఫ్యూజుతో పోయింది, అదృష్టం.

ఆడియో అంటున్నావు కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న లీనియర్‌దే మేలు. బరువెక్కువ, వేడెక్కువ, అవుట్‌పుట్ కరెంటులో కలిసే గోల (నాయిస్) మాత్రం చాలా తక్కువ. వోల్టేజీ పెంచేటప్పుడు లోపల టక్కుమని రిలే (కరెంటుతో పనిచేసే మీట) మోగితే కంగారు పడకు.

మరో సమాధానం:
ఆప్-ఆంప్‌లకు ప్లస్ 12, మైనస్ 12 రెండూ కావాలంటే రెండు చానళ్లది (రెండు విడి అవుట్‌పుట్‌లు ఉన్నది) చూడండి. లేదా ఒంటి చానల్‌వి రెండు తీసుకుని, ఒకదాని ప్లస్‌ను రెండోదాని మైనస్‌కు కలిపి దాన్నే గ్రౌండు చేసుకోవచ్చు. కానీ రెండింటి మైనస్‌లనూ ఎర్త్ టెర్మినల్‌కు కలిపి ఉంచారో, ఒక సప్లై నేరుగా షార్టవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
అన్నా, లీనియర్ 5 ఆంపియర్లదే తీసుకుంటాను. రెండోదానికి ఇప్పుడు డబ్బు లేదు. ఆప్-ఆంప్‌ల సంగతి ఏమి చేయమంటారు?

సమాధానం:
రెండు 9 వోల్టుల బ్యాటరీలు, పైన రెండు సప్లైలకు చెప్పినట్టే కలిపి. ఆప్-ఆంప్ తాగేది కొన్ని మిల్లీఆంపియర్లే.