మూడు వారాలకే కార్బన్లు అరిగిపోతే కూడా వారంటీ రాదంటారా?

గ్రైండర్ గోడు: ఏడు నెలల క్రితం కొన్న యాంగిల్ గ్రైండర్ అండీ, ఏడాది వారంటీ. ఆరో నెలలో ఆగిపోతే పక్కన మూతలు తిప్పి చూశా, లోపల మోటారుకి ఆనుకుని ఉండే కార్బన్ ముక్కలు, అదే కార్బన్లు, అరిగిపోయాయి. సరే అరుగుతాయి కదా అని డబ్బాలో వచ్చిన స్పేర్ జత వేసుకున్నా. అవి మూడు వారాలు కూడా రాలేదు. సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్తే "కార్బన్లు వారంటీలో రావు, పైగా మీరే విప్పారు" అని మిషన్ తిరిగి నా చేతిలో పెట్టేశాడు, లోపలికి కూడా తీసుకెళ్ళలేదు. ఇదేం న్యాయం?

పాత మెకానిక్: వాళ్ళు చెప్పింది కరెక్టే. తిరిగే కమ్యుటేటర్ (ఇరుసు మీది రాగి పట్టీల చుట్టు) మీద రాసుకుంటూ ఆర్మేచర్‌కి (మోటారులో తిరిగే తీగచుట్ల భాగానికి) కరెంటు అందించడం, రాగి అరక్కుండా తను అరగడం, కార్బన్ పనే అది. చెప్పుల అడుగు అరిగిందని కొట్టువాడి మీదకి వెళ్తామా? కార్డు చదవండి, అరిగే పార్టులు వారంటీలో రావని రాసే ఉంటుంది. ఇంక విప్పడం అంటారా, నా దగ్గరికి ఒకాయన టార్చిలైటు సెల్లు పగలగొట్టి అందులో కార్బన్ కడ్డీ అరగదీసి పెట్టుకొచ్చాడు, కమ్యుటేటర్ మీద గాళ్ళు పడిపోయాయి, ఇంకొకాయన వేరే మిషన్ కార్బన్‌ని ఆకురాయితో రాసి ఇరికించాడు, అది కార్బన్ కూర్చునే హోల్డర్లో పట్టేసి ఆర్మేచర్ మాడిపోయింది, ఇద్దరూ వచ్చి ఏమీ ఎరగనట్టు "వారంటీ ఉంది కదా" అనేవాళ్ళే.

వారంటీ పులి: మాస్టారూ, స్పేర్ జత డబ్బాలో పెట్టిందెవరు? మార్చడం ఎలాగో పుస్తకంలో బొమ్మలేసి చూపించిందెవరు? వాళ్ళే ఇచ్చి, వాళ్ళే నేర్పి, మూత తిప్పితే "విప్పారు" అంటే ఎలా? స్క్రూడ్రైవర్‌తో తిప్పడానికి ఆ మూత మీద గాడి కూడా పెట్టారు కదా!

పాత మెకానిక్: మూత తిప్పితే వారంటీ పోతుందని నేనెప్పుడన్నా? కార్బన్లు రావన్నా.

వారంటీ పులి: "వాళ్ళు చెప్పింది కరెక్టే" అన్నారు. వాళ్ళు రెండూ చెప్పారు. పైకెళ్ళి చదువుకోండి.

నట్టు బోల్టు: అసలు కార్బన్లే లేని బ్రష్‌లెస్ మిషన్ కొనుక్కోండి గురూ, ఈ గొడవే ఉండదు 😄

పాత మెకానిక్: బ్రష్‌లెస్‌లో ఎలక్ట్రానిక్ బోర్డు పోతే అప్పుడు తెలుస్తుంది. అది వేరే కథ. గోడు గారూ, రాయి కోశారా? ఆ దుమ్ము లోపలికెళ్తే గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే కార్బన్ పోతుంది. కొత్తవి వేశాక లోడు లేకుండా కాసేపు తిప్పారా?

గ్రైండర్ గోడు: ఇనుమే కోశానండీ. కాసేపు ఖాళీగా తిప్పాకే పని మొదలుపెట్టా. రాయి కోశారా, తిప్పారా అని ఇందాకట్నుంచి నన్నే అడుగుతున్నారు, తప్పు నాదే అని ముందే తేల్చేసుకున్నారా? అక్కడ కౌంటర్లో కూడా ఇదే, దొంగని చూసినట్టు చూశాడు.

పాత మెకానిక్: కౌంటర్లో కూర్చున్నవాడి సంగతి మీకేం తెలుసు? వారంటీ కింద మిషన్ విప్పితే కారణం రాసి పంపాలి, కంపెనీ ఒప్పుకోకపోతే ఆ గంట పని నా ఖాతాలోనే. ఇలా ఎన్ని గంటలు పోగొట్టుకున్నానో నాకు తెలుసు. అందుకే "కార్బన్లా, రావు" అనేస్తారు, అవును, నేను కూడా అన్నా.

వారంటీ పులి: ఆఁ, ఇప్పుడొచ్చారు దారికి. కార్బన్ డబ్బులు ఎవడడిగాడండీ? రెండో జత మూడు వారాల్లో ఎందుకు పోయిందో చూడమంటున్నాడాయన. బేరింగ్ లూజైనా, వైండింగ్ షార్టయినా కార్బన్లు ఇలాగే పోతాయి, అవి వారంటీలో వచ్చేవే. చూడకుండా రాదంటే ఎలా తెలిసింది? మీ గంట ఎవడిస్తాడన్నది మీకూ కంపెనీకీ మధ్య.

పాత మెకానిక్: చెప్పడం తేలికే. గోడు గారూ, రన్నింగ్‌లో ఉన్నప్పుడు గాలి కంతల్లోంచి చూశారా? చిన్న నీలం రవ్వలైతే మామూలే.

గ్రైండర్ గోడు: చిన్నవి కాదండీ, రెండో జత వేసిన వారానికే లోపల చుట్టూ నిప్పుల చక్రం తిరిగినట్టుండేది.

పాత మెకానిక్: ఇది మొదటి పోస్టులో రాయొద్దూ? రెండో జత పారేశారా? లేకపోతే పక్కపక్కన పెట్టి కొలవండి.

గ్రైండర్ గోడు: ఒకటి 11 మిల్లీమీటర్లుంది, రెండోది 4 కూడా లేదు, దాని తోక వైరు నల్లగా మాడింది.

పాత మెకానిక్: రెండూ ఇంచుమించు ఒకేలా అరగాలి. ఇంత తేడా అంటే హోల్డర్ అయినా చూడాలి, చక్రంలా రవ్వలొచ్చాయంటున్నారు కాబట్టి ఆర్మేచర్ అయినా చూడాలి. ఆ జత కవర్లో వేసి మిషన్‌తో పాటు పట్టుకెళ్ళండి, కార్బన్ మాట ఎత్తకండి, "రవ్వలు చుట్టూ తిరుగుతున్నాయి, ఆర్మేచర్ చెక్ చేయండి" అనండి. చేయనంటే అదే కాగితం మీద రాసిమ్మనండి. మూతలు మాత్రం మళ్ళీ తిప్పకండి.

వారంటీ పులి: తిప్పితే తప్పేంటి? పుస్తకంలో బొమ్మలున్నాయన్నానా!

గ్రైండర్ గోడు: ఇప్పుడే తిప్పేశానండీ, టార్చి వేసి చూద్దామని. కుడిపక్క హోల్డర్ చుట్టూ ప్లాస్టిక్ కొంచెం కరిగినట్టుంది.