చదివితే అర్థమవుతోంది, వింటే ఒక్క ముక్క అందడం లేదు: ఫోన్లోనే ఫ్రెంచ్ నేర్చుకుంటున్నాను, సలహా కావాలి

ప్రశ్న (శ్రీకాకుళం, బి.ఎడ్. రెండో సంవత్సరం)

అందరికీ నమస్కారం. నాది తెలుగు మెథడాలజీ. ఐదు నెలల నుంచి సొంతంగా, ఫోన్ పెట్టుకునే ఫ్రెంచ్ నేర్చుకుంటున్నాను. దగ్గర్లో నేర్పేవాళ్లు నాకు దొరకలేదు. క్లాసు కోసం విశాఖ వెళ్లి రావాలంటే రోజంతా పోతుంది. పొద్దున్నే ఇంటర్న్‌షిప్ బడికి ఆమదాలవలస వైపు బస్సు. సాయంత్రం వచ్చాక లెసన్ ప్లాన్లు, రికార్డులు. బస్సులో ఇరవై నిమిషాలు, రాత్రి తొమ్మిదిన్నర తర్వాత అరగంట, ఇంతే నా టైమ్. హాస్టల్ గదిలో మిగతా అమ్మాయిలు పడుకుంటారు కాబట్టి రాత్రిపూట గట్టిగా పలకలేను కూడా.

డుయోలింగో అనే భాషల ఆప్‌లో 140 రోజుల స్ట్రీక్ ఉంది, అంటే ఒక్క రోజూ మానలేదు. అందులో పెద్దగా తప్పులు పోవు. కానీ మొన్న టీవీ5 మోండ్ అనే ఫ్రెంచ్ టీవీ వాళ్ల పాఠాల్లో ఎ1, అంటే మొదటి మెట్టు, వీడియో ఒకటి పెట్టుకున్నాను. ఎవరో కూరగాయలు కొంటున్నారని బొమ్మ చూసి తెలిసింది తప్ప మాట చెవికి అందలేదు. కింద రాసింది చదివితే అన్నీ నాకు తెలిసిన మాటలే! ఆ రాత్రి నిజంగానే ఏడుపొచ్చింది.

ఈ పద్ధతి మార్చాలా, ఇలాగే లాగితే ఎప్పటికైనా వస్తుందా? డెల్ఫ్ అనే ఫ్రెంచ్ పరీక్షలో ఎ1 రాద్దామని ఉంది. అది మా బి.ఎడ్.కి తోడై ఉద్యోగానికి పనికొస్తుందా? తెలిసిన అక్కలు, అన్నలు చెప్పగలరు.

జవాబు (పలాస)

స్ట్రీక్ చూసి మురిసిపోవద్దు చెల్లీ. నేను అలా ఏడాది పైనే లాగాను. నాలుగు మాటలు ఎదురుగా పెట్టి ఒకటి నొక్కమంటే గుర్తుపట్టడం వస్తుంది. ఎదురుగా ఏమీ లేనప్పుడు నోటికి తెచ్చుకోవడం రాదు. ఆ ఆప్ మానక్కర్లేదు, రోజుకు ఐదు నిమిషాలు చాలు. మిగతా టైమంతా వినడానికి, పలకడానికి పెట్టండి.

జవాబు (విజయనగరం, ఇంటర్ పిల్లలకు ఫ్రెంచ్ ట్యూషన్ చెప్తాను)

అమ్మా, మీకు మాటలు వచ్చాయి, వాటి చప్పుడు రాలేదు. ఫ్రెంచ్‌ను ఇంగ్లీషు చెవితో వింటున్నారు, నా దగ్గరికి వచ్చే పిల్లలందరిదీ ఇదే కథ. కొన్నాళ్లు తెలుగు చెవి పెట్టి చూడండి. కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ట, త. ఫ్రెంచ్‌లో బల్లను "తాబ్ల్" అంటారు. అక్షరాలు ఇంగ్లీషు టేబుల్‌వే కాబట్టి మనవాళ్లు "టాబ్ల్" అనేస్తారు. ఇంగ్లీషువాళ్ల శబ్దాలు మనకు ట, డ లాగా వినిపిస్తాయి. ఫ్రెంచ్‌వాళ్లవి నాలుక పళ్లకు తగిలే త, ద. అవి మనకు పుట్టుకతో వచ్చినవే. ప, క కూడా అంతే, ఇంగ్లీషులోలాగా గాలి ఊదకుండా మన ప, మన క పలికితే సరిపోతుంది. ఈ ఒక్క మార్పుతో సగం మాటలు చెవికి తేటగా వినపడతాయి.

రెండోది, మీకు బాగా కలిసొచ్చేది. తెలుగు మెథడాలజీ అన్నారు కదా, అతడు + ఎక్కడ = అతడెక్కడ అని ఉత్వసంధి పిల్లలకు చెప్పే ఉంటారు. ఫ్రెంచ్‌లో "జ" అంటే నేను, "ఏ" అంటే కలిగి ఉన్నాను. రెండూ పక్కపక్కన పడితే ముందు అచ్చు ఎగిరిపోయి "జే" అవుతుంది. దీనికి మీకు వేరే పాఠం అక్కర్లేదు. ఇంకో రకం ఉంది. "లె" అనే బహువచనపు మాట చివర సకారం రాస్తారు గానీ పలకరు. పక్కన "అమి", అంటే స్నేహితుడు, వచ్చిందనుకోండి, ఆ మూగ సకారం జకారమై లేస్తుంది: "లెజామి". "వూ" అంటే మీరు, "అవే" అంటే కలిగి ఉన్నారు, కలిస్తే "వూజవే". మీరు వీడియోలో "జామి" అంటే ఏమిటా అని వెతుక్కుంటున్నారు. అది ఏ డిక్షనరీలోనూ ఉండదు. సంధి విడదీస్తేనే దొరుకుతుంది. అన్నట్టు, "జే"లో జ ఇంగ్లీషు ట్రెజర్ మధ్యలో వినిపించేది, "లెజామి"లో జ జూ పార్కులోది. ఆ తేడా మన లిపిలో చూపించలేను, ఫోర్వో అనే ఉచ్చారణల సైట్లో అసలు ఫ్రెంచ్‌వాళ్ల గొంతులు ఉంటాయి, వినండి.

చివరి హల్లులు చాలా వరకు మూగవే. నేను మాట్లాడతాను, నువ్వు మాట్లాడతావు, వాళ్లు మాట్లాడతారు అనే మూడింటికీ క్రియ స్పెల్లింగు మూడు రకాలు, వినపడేది మాత్రం ఒకటే, "పార్ల్". పైగా మామూలు మాటల్లో ఇంకా మింగేస్తారు. "నాకు తెలీదు" అనడానికి పుస్తకంలో "జ న సే పా" ఉంటుంది, వీధిలో "షె పా" అంటారు. మనం మాత్రం "ఏమిటి అంటున్నావు" అని రాసుకుని "ఏటంతన్నావ్" అనడం లేదా?

మూడోది, మన దగ్గర లేని ఉ. 1757లో బొబ్బిలి యుద్ధానికి విజయనగరం రాజు పక్షాన వచ్చిన ఫ్రెంచ్ సేనాని పేరు మనం "బుస్సీ" అంటాం. నేను మొదటి రోజు పాఠం ఆ పేరుతోనే మొదలుపెడతాను, మా పిల్లలకు కథ ఎలాగూ తెలుసు కాబట్టి. ఆ ఉ మన ఉ కాదు. "ఈ" అని పలుకుతూ, నాలుకను కదపకుండా, పెదవులు మాత్రం "ఊ"కి చుట్టినట్టు చుట్టండి. "ర్యు" అంటే వీధి. దాన్ని మన ఊతో "రూ" అన్నారంటే బండి చక్రం అయిపోతుంది.

వ్యాకరణంలో కూడా తెలుగు మీకు అడ్డం కాదు. నువ్వు, మీరు తేడా అక్కడా ఉంది. "త్యు" నువ్వు, "వూ" మీరు, గౌరవానికీ బహువచనానికీ "వూ"నే. ఇంగ్లీషు మీదుగా వెళ్తే ఈ తేడా కొత్తగా నేర్చుకోవాలి, మనకు ఇంట్లో ఉన్నదే. ఒక్క జాగ్రత్త: మనం "వెళ్తాను" అని ఊరుకుంటాం, అక్కడ ముందు "జ" ఉండి తీరాలి.

రోజువారీ పని ఇలా చేయండి. బస్సులో ఒకే ఒక ఎ1 వీడియో తీసుకుని కింద రాత చూడకుండా రెండుసార్లు వినండి. మూడోసారి చదువుతూ వినండి. నాలుగోసారి మళ్లీ రాత మూసేయండి. రాత్రి అదే వీడియోలో ఒక్క నిమిషం ముక్క తీసుకుని ఆపి ఆపి విని కాగితం మీద రాయండి, తర్వాత అసలుతో సరిచూసుకోండి. డిక్టేషన్ పాత పద్ధతే, ఇంతకు మించినది నాకు కనపడలేదు. తప్పిన చోట కిందగీత పెట్టి అక్కడ సంధి ఉందా, మూగ అక్షరం ఉందా చూడండి. పలకడానికి గది పనికిరాకపోతే డాబా ఎక్కండి. మైక్రో టీచింగ్‌లో మీ పాఠం మీరే వీడియో తీసుకుని చూసుకుంటారు కదా, అలాగే రెండు వాక్యాలు రికార్డు చేసి అసలు గొంతు పక్కన పెట్టి వినండి. మొదట్లో మన గొంతు మనకే వినబుద్ధి కాదు. అదీ అలవాటవుతుంది.

జవాబు (రాజాం)

మాటలు గుర్తుండటానికి అంకి అనే కార్డుల ఆప్ వాడండి. ఆండ్రాయిడ్‌లో అంకిడ్రాయిడ్ అనే పేరుతో ఉచితమే. ఐఫోన్‌కి మాత్రం డబ్బు కట్టాలి. మామూలుగా రోజుకు 20 కొత్త కార్డులు వస్తాయి. అంత టైమ్ మీకు లేదు, సెట్టింగుల్లో 7కి తగ్గించండి. లేకపోతే రెండు వారాలకే పాత కార్డులు గుట్టపడి టెన్షన్ మొదలవుతుంది, ఆప్ తెరవాలనే అనిపించదు. నాకు అదే జరిగింది.

కార్డు మీద బల్ల అంటే "తాబ్ల్" అని ఒట్టి మాట రాసుకోవద్దు. "యున్ తాబ్ల్", అంటే ఒక బల్ల, అని ముందు మాటతో సహా రాయండి. ఫ్రెంచ్‌లో బల్ల స్త్రీలింగం, పుస్తకం పుంలింగం. కారణం అడిగితే ఎవరూ చెప్పలేరు. ఇంగ్లీషు ద లాంటి "ల" (పుంలింగం), "లా" (స్త్రీలింగం) పెట్టి నేర్చుకుంటే అచ్చు ముందు రెండూ ఒకేలా మారిపోయి లింగం దాక్కుంటుంది. అందుకని ఒక అనే అర్థమిచ్చే "అఁ" (పుంలింగం), "యున్" (స్త్రీలింగం) మేలు.

జవాబు (విశాఖలో ఉంటున్నాను, మాది బొబ్బిలి)

నేను డెల్ఫ్ ఎ1, ఎ2 హైదరాబాద్‌లో అలియాన్స్ ఫ్రాన్సేజ్ అనే ఫ్రెంచ్ నేర్పే సంస్థలో రాశాను. వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం, ఒక్కోదానికి 25 మార్కులు. మొత్తం నూటికి 50 రావాలి, ఏ ఒక్కదాంట్లోనూ 5 కంటే తగ్గకూడదు. రాయడంలో ఒక ఫారం నింపాలి, ఒక చిన్న సందేశం రాయాలి. మాట్లాడడం ఐదు నుంచి ఏడు నిమిషాలు: మీ గురించి చెప్పడం, కార్డులు చూసి ప్రశ్నలు అడగడం, ఏదో కొంటున్నట్టు నటించడం. పాసైతే ఆ సర్టిఫికెట్‌కి గడువు లేదు. అందుకని తొందరపడి రాయకండి. తేదీలు, ఫీజు వాళ్ల సైట్లో చూసుకోండి, రిజిస్ట్రేషన్ పరీక్షకు చాలా ముందే ముగిసిపోతుంది.

ఉద్యోగం సంగతి మాత్రం దాచకుండా చెప్తాను. డీఎస్సీలో ఫ్రెంచ్ పోస్టు ఉండదు. ఫ్రెంచ్ చెప్పే ప్రైవేటు సీబీఎస్ఈ బళ్లు ఉన్నాయి, ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గానూ ఉంది. కానీ టీచరుగా తీసుకోవాలంటే మామూలుగా ఫ్రెంచ్‌లో డిగ్రీ అడుగుతారు. ఎ1 అంటే మొదటి మెట్టు, దాంతో పాఠం చెప్పలేం. నిజంగా అటే వెళ్లాలనుకుంటే హైదరాబాద్‌లో భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో ఫ్రెంచ్ ఎం.ఎ. ఉంది, దానికేం అర్హత కావాలో ఇప్పుడే చూసుకోండి. ఇంటి దగ్గరుండి కావాలంటే ఇగ్నోలో ఫ్రెంచ్ సర్టిఫికెట్ కోర్సు ఉంది.

చాట్‌జీపీటీ లాంటివి కూరగాయల దుకాణం నాటకానికి బాగా పనికొస్తాయి. "నువ్వు కొట్టువాడివి, ఎ1 మాటలే వాడు, చివర్లో నా తప్పులు రెండే చెప్పు" అని ముందే అడగండి. లేకపోతే ఇరవై తప్పులు ఎత్తిచూపి మీ ఉత్సాహం చంపేస్తుంది. లింగం, స్పెల్లింగు దగ్గర మాత్రం డిక్షనరీనే నమ్మండి. అది తప్పు చెప్పినా ధీమాగానే చెప్తుంది.

మళ్లీ ప్రశ్న అడిగినవారు (మూడు వారాల తర్వాత)

అందరికీ థాంక్స్. విజయనగరం మాస్టారు చెప్పినట్టే చేస్తున్నాను. మొదటి వారం ఒక్క నిమిషం ముక్క రాయడానికి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది, అందులోనూ సగం ఖాళీలే. రెండో వారంలో ఒకరోజు బస్సులో "లెజాఁఫాఁ" అని వినపడింది, పిల్లలు అని దానంతట అదే తెలిసిపోయింది. పక్కన కూర్చున్న పెద్దావిడ "ఏటమ్మా, నీలో నువ్వే నవ్వుకుంతన్నావు" అని అడిగింది.

మధ్యలో ఒక తెలివితక్కువ పని చేశాను. ఆర్ఎఫ్ఐ అనే ఫ్రెంచ్ రేడియో వాళ్లు తేలిక ఫ్రెంచ్‌లో పది నిమిషాల వార్తలు ఇస్తారని ఎవరో చెబితే పెట్టుకున్నాను. తేలిక అనేది వాళ్లకే, నాకు కాదు. మూడు రోజులు వృథా.

డెల్ఫ్ ఈసారికి వద్దనుకున్నాను, ఇంటర్న్‌షిప్ అయ్యాక చూస్తాను. ఉద్యోగం గురించి చెప్పిన అన్నకు కూడా థాంక్స్, కాస్త బాధనిపించింది గానీ ముందే తెలియడం నయం. ఇప్పుడు ఒకటే పట్టు దొరకడం లేదు. ముక్కుతో పలికేవి. మంచిది అనడానికి నేను "బోన్" అంటున్నాను, రికార్డింగులో వాళ్లది వేరేగా ఉంది.

జవాబు (విజయనగరం, ఫ్రెంచ్ ట్యూషన్)

మీరు చివర నకారం పలుకుతున్నారు, నాలుక పైకి తగులుతోంది. తగలకూడదు. అరసున్న గుర్తుందా? అలా రాసుకోండి, "బోఁ". "ఓ" అంటుండగా గాలి సగం ముక్కులోంచి పోవాలి, నోరు మూయకూడదు. ఇప్పుడు ఈ మూడూ వరసగా పలకండి: "వ్యాఁ" ద్రాక్షసారా, "వాఁ" గాలి, "వోఁ" వెళ్తారు. మొదటి దాంట్లో అచ్చు "బ్యాంకు" అనే మాటలో "బ్యా"లో వినిపించేది. మూడూ ఫోర్వోలో దొరుకుతాయి. రేపు బస్సులో ఇవి మాత్రమే వినండి, వీడియో ఎల్లుండి చూడొచ్చు.