వాలు వీధిలో ఇళ్లు: ఒక మూల గాలిలో, ఇంకో మూల మట్టిలో

ప్రశ్న:
యూనిటీలో (గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) బెంగళూరు బసవనగుడి మ్యాప్ చేస్తున్నాం, బ్యూగుల్ రాక్ చుట్టుపక్కల వీధులు. టెర్రెయిన్ (గేమ్‌లోని నేల) 1000 మీటర్ల చదరం, హైట్‌మ్యాప్ (నేల ఎత్తుల పటం) ఒక్కో వైపు 513 బిందువులు, ఎత్తులు ఎస్‌ఆర్‌టీఎం (అంతరిక్షం నుంచి కొలిచిన నేల ఎత్తులు) డేటావి. థర్టీ ఫార్టీ (30 × 40 అడుగుల) సైట్లో ఇల్లు పెడితే ఒక మూల తేలుతోంది, ఎదుటి మూల కూరుకుపోతోంది. సెట్ హైట్ బ్రష్‌తో (నేలను ఒకే ఎత్తుకు తెచ్చేది) చదును చేస్తే ఇంటి చుట్టూ గట్టు లేస్తోంది, గదిలోకి మట్టి పొడుచుకొస్తోంది. ఏం చేయాలండీ?

జవాబు 1:
బ్రష్ ముట్టుకోకముందే డేటా సంగతి చూడండి. ఎస్‌ఆర్‌టీఎంలో ఒక బిందువుకూ ఇంకో బిందువుకూ సుమారు 30 మీటర్లు, ఎత్తులు పూర్తి మీటర్లలోనే ఉంటాయి. వాలు మెట్లుమెట్లుగా వచ్చేది అందుకే. 2000 ఫిబ్రవరిలో అంతరిక్షం నుంచి రాడార్‌తో కొలిచారు; మేడలు, చెట్ల తలలు కూడా ఆ కొలతలో కలిసిపోయాయి. కిక్కిరిసిన వీధుల్లో కనిపించే దిబ్బలు నిజం నేల కాదు. ఇళ్లు పెట్టకముందే స్మూత్ హైట్ బ్రష్‌తో మొత్తం నునుపు చేయండి.

ఇక 513 అంటే బిందువుల మధ్య 1.95 మీటర్లు. మీ సైటు 9.1 × 12.2 మీటర్లు, అడ్డంగా నాలుగైదు బిందువులే పడతాయి. చదును చేసిన అంచు గోడ దగ్గర ఆగదు, మట్టి గదిలోకి వచ్చేది అక్కడే. 2049కి పెంచితే దూరం 0.49 మీటర్లు అవుతుంది. బిందువులు 16 రెట్లు పెరుగుతాయి, కాబట్టి మొబైల్ గేమ్ అయితే 1025తో సరిపెట్టుకోండి. మార్చేముందు ఎక్స్‌పోర్ట్ రా (ఎత్తులను ఫైల్‌గా తీయడం) చేసి దాచుకోండి.

జవాబు 2:
పైన చెప్పింది సరే, కానీ ప్రతి ఇంటికీ నేల చదును చేయొద్దండీ, వీధి వాలే పోతుంది. వాలు సైట్లో మేస్త్రీ ఏం చేస్తాడు? పల్లపు వైపు పునాది ఎత్తు పెంచుతాడు. మీరూ అంతే. ఇంటి మోడల్‌కు ఫ్లోర్ కింద 1.5 మీటర్ల పునాది గోడ దించండి. ఎత్తు వైపు నేలకన్నా 15 సెంటీమీటర్లు పైన ఫ్లోర్ ఉంచండి, పల్లపు వైపు గుమ్మానికి మెట్లు కలపండి. సైటులో తేడా మీటరు లోపుంటే టెర్రెయిన్ ముట్టుకునే పనే లేదు.

అంతకు మించితేనే సెట్ హైట్. షిఫ్ట్ నొక్కి నాలుగు మూలల్లో క్లిక్ చేస్తే ఎత్తులు తెలుస్తాయి, సగటు తీసి ఆ ఎత్తు పెట్టండి. గోడ బయట కనీసం రెండు బిందువుల మేర చదును సాగాలి. ఫ్లాటెన్ టైల్ బటన్ మాత్రం నొక్కకండి, టైల్ (టెర్రెయిన్ ముక్క) మొత్తం బల్లపరుపైపోతుంది. స్మూత్ బ్రష్ చదును బయటే తిప్పండి, ఒపాసిటీ (బ్రష్ బలం) బాగా తగ్గించి. లోపలికి తగిలితే చదును వంగుతుంది. పక్క సైటుకు జాగా లేకపోతే ఆ గట్టును కాంపౌండ్ గోడతో కప్పేయండి.

ప్రశ్న అడిగినవారు:
పునాది పద్ధతి కుదిరింది, థాంక్సండీ. దూరం నుంచి చూస్తే మాత్రం ఇంకా కొన్ని ఇళ్ల అడుగు తేలుతోంది. దగ్గరికెళ్తే సర్దుకుంటోంది. ఒక ఇంటికి సెల్లార్ కూడా కావాలి.

జవాబు 1:
అది పిక్సెల్ ఎర్రర్ (నేల ఆకారంలో ఎంత తేడా రానివ్వాలో చెప్పే టెర్రెయిన్ సెట్టింగ్) పని. దూరంలో టెర్రెయిన్ త్రిభుజాలు తగ్గి నేల ఆకారం మారుతుంది. మామూలుగా 5 ఉంటుంది, 2కి దించి చూడండి. సెల్లార్‌కు పెయింట్ హోల్స్ (నేలకు రంధ్రం పెట్టే బ్రష్), యూనిటీ 2019.3 నుంచి ఉంది. రంధ్రం పడ్డచోట కొలైడర్ (ఆటగాణ్ని ఆపే కనిపించని హద్దు) కూడా పోతుంది, సెల్లార్ ఫ్లోర్‌కు విడిగా కొలైడర్ పెట్టకపోతే ఆటగాడు కిందికి జారిపోతాడు. రంధ్రం అంచు రంపపు పళ్లలా వస్తుంది, చుట్టూ సిమెంటు చట్రం మోడల్ పెట్టి దాచండి. గడ్డి, చెట్లు ఇవన్నీ అయ్యాకే.